పాటల జట్టును పొడుగు చేసిన లియావ్ మాస్టారు

మా తైనాన్ ఊళ్లో మగపిల్లల బడి సంగీతం మాస్టారు లియావ్ కున్‌ము ఒకే ఒక్క వారంలో తన పాటల జట్టు మొత్తాన్ని జానెడు పొడుగు పెంచాడు. ఇది నేను కళ్లారా చూశాను.

సరే, జానెడు అన్నది కాస్త ఎక్కువే. బెత్తెడు అనుకోండి. వారం కూడా కాదు. చలికోట్లు విప్పిన దగ్గర్నించి తురాయి చెట్లు ఎర్రబడేదాకా పట్టింది. జట్టు మొత్తమూ కాదు. చివరి వరసలో నిలబడే ఒక బొద్దు కుర్రాడు మాత్రం ఎంతున్నాడో అంతే ఉన్నాడు. వాడికి మాస్టారు పోసే కషాయం వాసన గిట్టక రోజూ కిటికీ పక్క కుండీలో పోసేసేవాడు. ఆ కుండీలో చామంతి మొక్క పై అంతస్తు దాకా పెరిగిందని కూడా చెప్పగలను. కానీ కాన్వెంటులో చదువుకున్నవాణ్ణి. అబద్ధాన్ని సగం దగ్గర ఆపడం మా సిస్టర్లు నేర్పిన మర్యాద.

నేను అదే బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. మా ఇద్దరి బల్లలూ పక్కపక్కనే. లియావ్ పొట్టివాడు. మందపాటి అడుగున్న బూట్లు వేసుకుని, అవి వర్షం కోసమని చెప్పేవాడు, ఎండాకాలంలో కూడా. సముద్రం ఒడ్డున పాలచేపల చెరువులు కాసే ఇంట్లో పుట్టాడు. చెరువు గట్టు మీద చేపలకి మేత చల్లుతూ అరిచీ అరిచీ గొంతు సాఫైందని, చర్చిలో హార్మోనియం ముందు కూర్చుని స్వరాలు పట్టాడని అనేవాడు. పెళ్లాం యూచిన్ మాత్రం ఈయన మొదట పట్టింది చేపలనే, స్వరాలు ఇంకా దొరకలేదని అనేది.

మా బడిలో ఒక ఆచారం ఉండేది. టర్ము ఆఖరి రోజున పెద్ద హాల్లో తల్లిదండ్రులు, నాయనమ్మలు, అమ్మమ్మలు అందరూ చేరేవారు. ఆ టర్ములో పిల్లలు సాధించినవన్నీ మైకులో చదివేవాళ్లం. చదరంగంలో ఎవరు గెలిచారు, అందమైన రాతకి ఎవరికి బహుమతి వచ్చింది, మరుగుదొడ్ల శుభ్రతలో ఏ తరగతి మొదటిది, అన్నీ. పేరు పిలవగానే కుర్రాడు లేచి నిలబడాలి. వాడితో పాటు వాళ్ల నాయనమ్మ కూడా లేచి నిలబడేది. ఇది రూలు కాదు గానీ ఏ నాయనమ్మా కూర్చోగా నేను చూడలేదు.

ఈ వార్తలు ఎవరు చదవాలి అన్నదానికి మాత్రం రూలు ఉంది. ఆ టర్ములో ఎవరి జట్టు అన్నిటికంటే పెద్ద కప్పు తెస్తే ఆ మాస్టారు చదవాలి. పెద్ద కప్పు అంటే పెద్ద గౌరవం అనుకునేరు. కాదు, నిజంగా పెద్దది. ఒకప్పుడు ఇద్దరు మాస్టర్లు ఎవరి గెలుపు గొప్పదో తేలక కొట్టుకోబోతే, హెడ్మాస్టరు ఫాదర్ షెన్ రెండు కప్పుల్లోనూ బార్లీ టీ పోయించి ఏది ఎక్కువ పట్టిందో చూసి తీర్పు చెప్పారు. అప్పట్నుంచి టర్ము ఆఖర్న అదే పద్ధతి. టీ పోస్తుంటే మాస్టర్లందరం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. మిగిలిన టీ మేమే తాగేవాళ్లం.

లియావ్ పిల్లలు ఏటా పాటల పోటీలో గెలిచేవారు. ఆ కప్పు ఇంచుమించు బకెట్టంత ఉండేది. కాబట్టి ఏటా మైకు లియావ్‌దే. ఆయన చదవడం ఒక భోజనం లాంటిది. ఒక్కో పేరునీ సాగదీసి, ఆగి, ఆ కుర్రాడి నాయనమ్మ లేచి చుట్టూ చూసి నాలుగు దండాలు అందుకుని కూర్చున్నాక గానీ రెండో పేరుకి వెళ్లేవాడు కాదు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. లియావ్ వాళ్లమ్మ ప్రతిసారీ చెరువుల ఊరి నుంచి బస్సెక్కి వచ్చి ముందు వరసలో కూర్చునేది. ఆవిడ చూసిందేమిటి? తన కొడుకు మైకు ముందు గంటసేపు మాట్లాడతాడు. నల్ల అంగీ వేసుకున్న ఒక బక్క ఫాదర్ వెనకాల కుర్చీలో కునికిపాట్లు పడుతూ ఉంటాడు. ఇందులో హెడ్మాస్టరు ఎవరో తెలుసుకోవడానికి ఎవరినైనా అడగాలా? ఆవిడ ఊరంతా చెప్పేసింది, మా ఆ-ము హెడ్మాస్టరు అని. కున్‌ముకి ఆవిడ పెట్టుకున్న ముద్దుపేరు అది. చేపల కాంట్రాక్టరు ఆవిడకి కుర్చీ వెయ్యడం మొదలుపెట్టాడు. లియావ్ ఆ మాట నిజమని ఏనాడూ అనలేదు. కాదని కూడా అనలేదు.

ఆ ఏడాది బాస్కెట్‌బాల్ నేర్పడానికి పెంగ్ అనే కుర్ర మాస్టారు వచ్చాడు. మెడలో ఎప్పుడూ ఈల. ఈల ఊదకుండా మంచినీళ్లు కూడా అడగలేడు. వచ్చిన వారానికే లియావ్ బల్ల మీద ఎక్కి కూర్చున్నాడు.

"లియావ్ అన్నా, ఈసారి మైకు నాకివ్వాలి. నా పిల్లలు జిల్లా అంతా ఊడ్చేస్తారు, చూస్తూ ఉండు."

"బల్ల దిగు. నీ పిల్లలకి బంతి ఎటు వెయ్యాలో తెలియదు, జిల్లా ఊడుస్తారట."

పైకి అలా అన్నాడు గానీ ఆ రోజు మధ్యాహ్నం డబ్బాలో పంది మాంసం ముక్క ముట్టుకోకుండా నా వైపు తోశాడు. మైకు పోతే పోయింది, మైకు ముందు ఇంకొకణ్ణి చూస్తే అమ్మ తన ఉద్యోగం ఊడిందనుకుంటుంది. ఊరికి వెళ్లి ఆ మాటే చెబుతుంది. కుర్చీ తీసేస్తారు. ఇదీ ఆయన దిగులు.

అందుకని ఈసారి పిల్లల గొంతుల విషయంలో ఏ పొరపాటూ జరక్కూడదనుకున్నాడు. గుడి వెనక మందుల కొట్టు త్సెంగ్ తాత దగ్గరికి వెళ్లాడు. పన్నెండు, పదమూడేళ్ల మగపిల్లలు, జట్టు జట్టంతా, గొంతు సంగతి, కాస్త మంచి సరుకు ఇవ్వమన్నాడు. త్సెంగ్ తాత తలెత్తి చూసి, అంతా అర్థమైనట్టు కన్నుకొట్టి, సొరుగులు లాగడం మొదలుపెట్టాడు. ఏమిటిది, ఎందుకిది అని ఆయన్ని అడగకూడదు. అడిగితే పొట్లం వెనక్కి లాక్కుని, అన్నీ తెలిసినవాడివి నా దగ్గరికెందుకొచ్చావని పంపేస్తాడు. కాబట్టి లియావ్ అడగలేదు. పొట్లాలతో పాటు ఇంకా కూత నేర్వని పుంజు పిల్లల్ని వేసి పొద్దంతా ఉడకబెట్టమని మాత్రం తాత చెప్పాడు.

మా దగ్గర ఏ తల్లినడిగినా చెబుతుంది అదేమిటో. మగపిల్లాడి గొంతు మారే వయసు రాగానే వాణ్ణి పొడుగు సాగదీయడానికి పోసే కషాయం అది. త్సెంగ్ తాత తప్పేమీ లేదు. ఆ వయసు పిల్లల గొంతు ఊసెత్తి కొట్టుకొచ్చేవాళ్లు ఎవరికైనా కావాల్సింది అదే. గొంతు మారకుండా ఉండాలని వచ్చినవాణ్ణి ఆయన జన్మలో చూడలేదు.

యూచిన్ మూత తీసి వాసన చూసింది. ఇది పుట్టింట్లో తన అమ్మ తమ్ముళ్లకి పోసినదానిలా ఉందని, ఆ తమ్ముళ్లిప్పుడు గుమ్మాలకి తల కొట్టుకుంటున్నారని చెప్పింది. సంగీతం విషయంలో జోక్యం చేసుకోవద్దన్నాడు లియావ్.

రోజూ బడి అయ్యాక ఒక్కొక్కడికీ ఒక్కో గిన్నె. మొదట్లో ఏమీ తెలియలేదు. తర్వాత చొక్కా చేతులు మోచేతుల వైపు ఎక్కడం మొదలుపెట్టాయి. ముందు వరస పిల్లలు వెనక వరసని కప్పేశారు. లియావ్ వాళ్లని వెనక్కి పంపితే, ఈసారి వెనకవాళ్లు ముందుకొచ్చి ఇంకా పొడుగైపోయారు. ఆయన బల్లెక్కి చేతులూపడం మొదలుపెట్టాడు.

జట్టులో వెన్‌బిన్ అనే కుర్రాడుండేవాడు. గొంతు ఎంత సన్నంగా ఉండేదంటే అందరూ పిచ్చుక అని పిలిచేవారు. పోటీకి ముందు వారం వాడు నోరు తెరిచి మొదటి స్వరం పట్టుకోబోయాడు. లోపల్నించి లారీ గేరు మార్చినట్టు ఒక శబ్దం వచ్చింది. వాడే ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశాడు, ఎవరా అని. తర్వాతివాడు నవ్వబోతే వాడి నవ్వూ అలాగే వచ్చింది. వారం తిరిగేసరికి అందరివీ అలాగే తయారయ్యాయి, ఆ బొద్దు కుర్రాడిది తప్ప.

పోటీలో వాళ్లు పాడాల్సింది వానలో తడిసిన పిట్టపిల్లల పాట. ఆ పొడుగాటి మీసకట్టు పిల్లలంతా బరువైన గొంతులతో అది పాడుతుంటే, పిట్టల్ని తడిపిన వాన కూడా భయపడి ఆగిపోయేలా ఉంది. మధ్యలో బొద్దు కుర్రాడి సన్నటి గొంతు ఒక్కటే, తప్పిపోయిన పిట్టలా. న్యాయనిర్ణేతల్లో ఒకాయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ తగిలించుకుని, వీళ్లు సరైన పోటీకే వచ్చారా అని అడిగాడు. చివరి స్థానం ఇచ్చారు. చివరివాళ్లకీ ఒక కప్పు ఇస్తారు, ప్రోత్సాహానికి. గుడ్డు నిలబెట్టి తినేంత కప్పు.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆ పొడుగంతా ఎటూ కాకుండా పోతోందే అని చూసిన పెంగ్ వచ్చి పిచ్చుకని అడిగాడు, బంతి పట్టుకోవడం వచ్చా అని. రాదన్నాడు. పట్టుకోనక్కర్లేదు, చెయ్యెత్తి నిలబడితే చాలన్నాడు పెంగ్. పిచ్చుకా, ఇంకో ముగ్గురు పాటగాళ్లూ చేతులెత్తి నిలబడ్డారు. జిల్లాలో ఎవరి బంతీ వాళ్లని దాటలేదు. టర్ము ఆఖర్న టీ పోసినప్పుడు పెంగ్ కప్పు కెటిలంతా మింగేసింది. లియావ్ కప్పులో టీని ఫాదర్ షెన్ ఒక్క గుక్కలో తాగేసి, జాలిగా ఆయన భుజం తట్టారు.

ఆఖరి రోజు హాలు నిండిపోయింది. ముందు వరసలో లియావ్ వాళ్లమ్మ, ఈసారి కొత్త చెప్పులతో. లియావ్ మా మధ్య కూర్చున్నాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, వాటినే చూస్తూ. అమ్మ మెడ చాచి వేదికంతా వెతికింది.

పెంగ్ మైకు దగ్గరికొచ్చి అలవాటు కొద్దీ ఈల ఊదాడు. ఆ తర్వాత ఆట మొదలైనట్టే చదివాడు. చదరంగం, రాత, మరుగుదొడ్లు, బాస్కెట్‌బాల్ అన్నీ ఒకే ఊపిరిలో. ఒక నాయనమ్మ సగం లేచేసరికి ఆవిడ మనవడి పేరు పోయి మూడు పేర్లు దాటాయి. ఇంకొక ఆవిడ వేరొకరి మనవడి పేరుకి లేచి, ఆ కుర్రాడి అసలు నాయనమ్మతో మాటా మాటా అనుకుంది. పెంగ్ కాగితం మడిచి, మళ్లీ ఈల ఊది, అయిపోయిందన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాయనమ్మలు కొట్టలేదు.

అప్పుడు లియావ్ వాళ్లమ్మ లేచింది. చెరువు గట్టు మీంచి అవతలి గట్టుకి కేకేసే గొంతు ఆవిడది.

"ఎవడయ్యా ఈ ఈలవాడు? మా ఆ-ము ఏడీ? హెడ్మాస్టరు లేకుండా ఇదంతా ఎవరు జరిపించమన్నారు?"

లియావ్ లేవబోయాడు, మళ్లీ కూర్చున్నాడు. పెంగ్ ఏమీ అర్థం కాక ఈల నోట్లో పెట్టుకున్నాడు. వెనక నుంచి ఎవరో నాయనమ్మ, అవును, మా వాడి పేరు వినపడనేలేదు, హెడ్మాస్టర్నే పిలవండి అంది. ఇంకో నలుగురు అందుకున్నారు.

కుర్చీలో కునుకుతున్న ఫాదర్ షెన్ కళ్లు తెరిచారు. లియావ్ వాళ్లమ్మని చూశారు. తర్వాత లియావ్‌ని చూశారు. ఆయన బుర్రలో ఇన్నేళ్ల సంగతి ఒక్కసారిగా కూడుకోవడం నాకు కనిపించింది. మెల్లిగా లేచి, మైకు పెంగ్ చేతిలోంచి తీసుకుని, లియావ్ ముందుకొచ్చి కాస్త వంగి రెండు చేతులతో అందించారు.

"హెడ్మాస్టరు గారూ, వీళ్లకి మొదట్నించి మీరే ఒకసారి చదివి వినిపించండి."

"ఫాదర్, నేను..."

"కానివ్వండి సార్. నేను కూర్చుంటాను, నాకు కాళ్లు నొప్పి."

లియావ్ చదివాడు. అంత పొడుగ్గా మళ్లీ ఎప్పుడూ చదవలేదు. భోజనం డబ్బాలు చల్లారిపోయాయి. బయట కీచురాళ్లు అరిచి అలిసిపోయాయి. పాటల పోటీలో చివరి స్థానం అన్నది కూడా ఒక బహుమతిలాగే చదివితే, పిచ్చుక వాళ్ల నాయనమ్మ లేచి నాలుగువైపులా దండాలు పెట్టింది. బయటికొస్తూ లియావ్ వాళ్లమ్మ ఫాదర్ షెన్ చేతిలో ఒక ఎండు పాలచేప పెట్టి, మా వాడు చెప్పినట్టు విను, నీకూ పైకొచ్చే రోజు వస్తుందని దీవించింది. ఫాదర్ సరేనమ్మా అన్నారు.

ఇదంతా రాసి మొన్న లియావ్‌కి చదివి వినిపించాను. ఆయన పుచ్చగింజలు కొరుకుతూ మొత్తం విన్నాడు. గింజల పొట్టు అంతా ఒక గిన్నెలో పోశాడు.

"ఇందులో ఒక్క ముక్క నిజం లేదు. ఆ పిల్లలు వాళ్లంతట వాళ్లే పెరిగారు. ఫాదర్ నాకు మైకు ఇవ్వలేదు. మా అమ్మకి హెడ్మాస్టరు ఎవరో మొదట్నించీ తెలుసు. నాకసలు సంగీతమే రాదు."