రికార్డు మీద బరువు పెట్టింది నేనే

నా చిన్నప్పుడు మా పైవాటాలో అద్దెకున్న మామను నాయన కొట్టిన సంగతి మా బంధువులందరికీ తెలుసు. అసలు తప్పు ఎవరిదో మాత్రం వాళ్ళకు తెలియదు. తెలిసిన నేను చెప్పలేదు.

తొంభైల మొదట్లో ఉత్తర మద్రాసులో మాకు మందు దినుసుల అంగడి ఉండేది. ఇల్లు దాని వెనకే. చనిపోయిన మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, పాడిన పాట ఒకే ఒక్క రికార్డు మీద మిగిలింది. దానికోసమే నాయన ఒక పాత రికార్డు ప్లేయరు కొన్నాడు. వేస్తే పాట కన్నా గరగర ఎక్కువ వినిపించేది.

మామది బెజవాడ వైపు. సినిమా రికార్డింగు స్టూడియోలో పని. ఒక ఆదివారం కిందికి వచ్చి, స్పీకర్లను ప్లేయరున్న బల్ల మీంచి దించి దూరంగా పెట్టించారు. నీళ్ళ గ్లాసు పెట్టి బల్ల వాటం చూశారు. రికార్డు మీద నడిచే ముల్లుండే ప్లేయరు చెయ్యి గాలిలో తేలి నిలిచేదాకా దాని వెనకున్న బరువును తిప్పి, ఆ తర్వాత రవ్వంత భారం ముల్లు మీదికి ఇచ్చారు.

"ముల్లు నడవాలిరా అబ్బాయ్, దున్నకూడదు" అన్నారు.

ఆ రోజు జేజి ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది. నాయన గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

మరుసటి వారం ఎవరూ లేనప్పుడు నేనే పాట పెట్టుకున్నాను. వీధిలో లారీ పోతే ముల్లు ఎగిరింది. అంగట్లో కాగితం ఎగిరితే దాని మీద తూకపు రాయి పెడతాం. నేను అదే చేశాను. ఇత్తడి రాయి తెచ్చి ముల్లు నెత్తిన మైనంతో అంటించాను. మళ్ళీ ఎగరలేదు. సంబరపడి పదిసార్లు వేశాను. చివరికి జేజి గొంతు పోయి బరబర మిగిలింది. రాయి పీకి జేబులో దాచుకున్నాను.

సాయంత్రం నాయన విన్నాడు. "ఎవుర్రా దీన్ని ముట్టింది?"

"నేను లేదు నాయనా. పైన మామే కదా ఏందో తిప్పింది."

నాయన షట్టరు లాగే ఇనుప కొక్కెం తీసుకుని మెట్లెక్కాడు. మామను చొక్కా పట్టి కిందికి, ప్లేయరు దగ్గరికి ఈడ్చుకొచ్చాడు. "మా అమ్మను ఇంకోసారి చంపినావు కదరా, పావీ!"

మొదటి దెబ్బకు నుదురు చిట్లింది. రెండోది అడ్డం పెట్టిన కుడిచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది.

"ఒక్కసారి చూడనివ్వండి" అంటూ మామ ప్లేయరు మీదికి వంగారు. ముల్లు నెత్తిన మైనం మరక కనిపించింది. ఆయన చూపు ఉబ్బిన నా జేబు మీద ఆగింది. తర్వాత నాయన చేతిలోని కొక్కేన్ని చూశారు. నా నిక్కరు తడిసిపోయింది.

"నేనే సరిగ్గా బిగించలేదండీ" అన్నారు. మూడో దెబ్బ భుజం మీద పడింది.

వారంలో ఇల్లు ఖాళీ చేశారు. ఆ చేత్తో మళ్ళీ స్టూడియో పని చేయలేకపోయారని తర్వాత విన్నాను. నాయన మాత్రం "ఆడికి బుద్ధి చెప్పినా" అని చుట్టాలకు చెప్పుకునేవాడు. నేను తలూపేవాణ్ణి. ఇప్పుడు మా పిల్లలు ఏది పగలగొట్టినా, ముందు నా చేతిలో ఉన్నది కింద పెట్టి, అప్పుడు అడుగుతాను.

నాయన పోయాక మామను మాధవరంలో వెతికి పట్టుకున్నాను. తలుపు తీసి, గుర్తుపట్టి, "నువ్వా అబ్బాయ్, లోపలికి రా" అన్నారు. నేను గడప దాటలేదు.

"ఆ బరువు పెట్టింది నేనే మామా. మీ మీద చెప్పిందీ నేనే. మీకు తెలుసని నాకు ఆ రోజే తెలుసు. అయినా ఇన్నేళ్ళు నోరు మూసుకున్నాను. నన్ను క్షమించండి."