నా నాచు, నాయిన చావులు

మా నాయిన చచ్చి బతికే మనిషి. అదే ఆయన ఉద్యోగం. జూనియర్ ఆర్టిస్టుల్లో శవం వేషానికి ఆయన పెట్టింది పేరు. ఫిల్మ్ నగర్‌లో ఎవరికి శవం కావాలన్నా యూసుఫ్‌గూడలోని మా ఇంటికే ఫోన్ వస్తుంది. ముక్కు మీద ఈగ వాలినా రెప్ప అదరదు, పొట్ట కదలదు.

నేను పరిశోధన చేసేదీ చావు మీదే. సముద్రంలో ఒక రకం నాచు ఉంది. ఒక్కో జీవికి ఒకటే కణం, కంటికి ఆనదు. అది విపరీతంగా పెరిగితే నీళ్లు ఎర్రబడతాయి, దాని విషానికి చేపలు చస్తాయి. కొన్నాళ్లకు ఆ నాచూ చస్తుంది. తిండి కరువైతే దాని కణంలోనే కొన్ని జన్యువులు మేలుకుని చావుకు పని మొదలుపెడతాయి. అవి ఏవో, ఏ గంటకు మేలుకుంటాయో పట్టుకోవడం నా పని.

"సావుమని గవిటికి ఎవలు చెప్తరు?" అని ఒకసారి నాయిన అడిగాడు.

"ఎవలూ చెప్పరు. లోపలనే రాసుంటది."

"గట్లనా. మాకైతే డైరెక్టర్ చెప్పాలె," అన్నాడు కొంచెం గర్వంగా.

కిందటి ఎండాకాలం, మూడు వారాలు పెంచిన నాచుకు తిండి ఆపి, గంటగంటకూ కాస్త తీసి దాస్తున్నాను. ఆ మధ్యాహ్నం ఒక్క గంట తప్పినా అంతా పాడైనట్టే. సరిగ్గా అప్పుడే ఫోన్ వచ్చింది.

జూబ్లీ హిల్స్‌లో ఒక బంగళా. పాడె మీద నాయిన. షాట్ అయిపోయింది. శవం వేషం వేసినవాళ్లు లేచే ముందు కెమెరా వైపు చూసి నవ్వాలి. నవ్వకపోతే కీడని సినిమావాళ్ల నమ్మకం. నాయిన నవ్వలేదు.

"పెద్దాయన ఇంకా పాత్రలోంచి బయటికి రాలేదండీ," అని డైరెక్టర్ మెచ్చుకున్నాడట. మేకప్ వేసే ఆమె మాత్రం, "గీ మనిషి నవ్వకుంట ఉండడు," అంటూ వచ్చి చెంప తట్టి చూసింది. పౌడరు కింద చెమట. గుండెపోటు.

ఆ నవ్వును నేను ఎన్నిసార్లు వెక్కిరించానో. ఆమె ముందు లెంపలేసుకున్నాను.

మూడో రోజు బంజారా హిల్స్ ఆసుపత్రిలో, మాట్లాడే ఓపిక రాగానే నాయిన అడిగిన మొదటి మాట: "నీ నాచేమైంది బిడ్డా?"

"సచ్చిపోయింది."

"నువ్వు సూస్తుండంగనేనా?"

అవునని అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. "నేను ఈడ్నే ఉన్న గద నాయినా."

ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ముప్పై ఏళ్లు ఈగకు కూడా చలించని మనిషికి గడ్డం వణికింది. "నా వల్ల ఖరాబైంది," అన్నాడు.

ఒక సీసాలో కొంచెం నాచు విడిగా దాచానని, దాంట్లోంచి మళ్లీ పెంచొచ్చని చెప్పాను.

"పాలల్ల తోడేసినట్టా?"

"గట్లనే."

"తోడున్నంక ఫికరెందుకు? పో, పోయి పని సూస్కో. నేను మంచిగున్న."

నాకు కోపం వచ్చింది. ప్రేమ ఎక్కువైతే నాకు వచ్చేది అదే. కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"నాచుకు తోడున్నది. నిన్ను మల్ల పెంచనీకి తోడు యాడికెల్లి తేవాలె నాయినా? పండుకో."