డ్యూటీ చొక్కా మీద తెల్లని చార

ఉదయం ఎనిమిదింటికి కాజీపేటలో రైలెక్కాను. చేతిసంచి నిండా కొత్తగా కొన్న కుట్టు అద్దాలు, మనసులో ఒక దురుద్దేశం. గోదావరిఖనిలో ఉండే సరోజక్క నాకు అద్దాల కుట్టు నేర్పిన మనిషి. ఆమె అద్దాలు పొదిగి కుట్టిన నెమళ్ల తెరలు మా ఇంటి తలుపులకు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి మనిషి రెండేళ్ల కిందట అన్నీ అటకెక్కించి, ఫోనుతో ఏవో నల్లని ఫొటోలు తీయడం మొదలుపెట్టింది. ఆమెను మళ్లీ కుట్టుకు లాక్కురావాలనే నా ప్రయాణం.

పదింటికి రామగుండంలో దిగి షేర్ ఆటో ఎక్కాను. వెళ్లేవాళ్లు చిల్లర దగ్గర ఉంచుకోండి. పక్కనున్న అవ్వ "ఎవలింటికి బిడ్డా?" అంది. చెప్పాను. "ఓ, బట్టలు పిండుకుంట ఫొటోలు దీస్తది, ఆమెనా!" అని నవ్వింది. నాకు లోలోపల సంతోషమేసింది.

బావ పనిచేసే బొగ్గుగని వాళ్లిచ్చిన క్వార్టర్లో అన్నం, పచ్చిపులుసు పెట్టి అక్క తన సంగతి చెప్పింది. "కండ్లు మసకైనయి, సూదిల దారం ఎక్కుతలేదు. ఒకనాడు మీ బావ డ్యూటీ బట్టలు నానవెట్టిన. తడి బొగ్గు మీద ఎండ పడి నా అద్దాల లెక్కనే మెరిసింది. గప్పటిసంది ఇదే పని." సాయంత్రం కాలనీ హాల్లో ఆమె మొదటి ప్రదర్శన. "మనోళ్లకు గిది ఎక్కకపోతే ఇగ ఫొటోలు బంద్" అంది. ఎవరికీ ఎక్కకూడదని మొక్కుకున్నాను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

నాలుగింటికి హాలు తెరిచారు. పెద్ద ఫొటోలో అంతా నలుపు, అక్కడక్కడ మెరుపులు, మధ్యలో అడ్డంగా ఒక తెల్లని చార. ఆకాశమనుకున్నాను, తర్వాత గోదావరి అనుకున్నాను. మొదటి షిఫ్టు దిగిన ఒక కార్మికుడు టిఫిన్ డబ్బాతోనే వచ్చి దాని ముందు ఆగాడు. ఆయన చెయ్యి మెల్లగా నడుము మీదికి పోయింది.

"నెత్తి లైటు బ్యాటరీ బెల్టు కట్టిన జాగ గదా ఇది. ఆడ బొగ్గు అంటదు. అక్కా, ఇది బావ చొక్కానే!"

వెనకే వచ్చిన ఆయన భార్య ఇంకో ఫొటో ముందు నిలబడి, "గివి బట్టలు పిండి నేను దినాం పారబోసే నీళ్లే. గింత మంచిగుంటయా?" అంది. కాసేపటికి హాలంతా వేళ్లు చూపించుకుంటూ, ఏది కాలరో ఏది జేబో చెప్పుకుంటూ నిండిపోయింది. నా మొక్కు మరిచిపోయి నేనూ వాళ్ల మధ్యకు దూరాను. ఆ ఫొటోలు ఇప్పుడు ఆమె క్వార్టర్ గోడల మీదున్నాయి. మీరు వెళితే, గనిలో పనిచేసే మనిషి ఒకరు వచ్చేదాకా ఆగి చూడండి.

ఆరున్నర రైలుకు అక్క స్టేషన్‌దాకా వచ్చింది. సంచి అందిస్తూ "గింత బరువేందే?" అంది. ఎందుకు తెచ్చానో దాచకుండా చెప్పేశాను.

ఆమె నవ్వి సంచి నా చేతిలో పెట్టింది. "నీ కండ్లు మంచిగనే ఉన్నయి గదా. నువ్వే కుట్టు."

రైలు పెద్దపల్లి దాటినా ఆ మాట నన్ను వదల్లేదు. నేను సూది ముట్టక తొమ్మిదేళ్లయింది.