పెళ్లికి ముందు పెంచిన కండలు

పంతులుగారు "చేతులెత్తు నాయనా" అంటే ఎత్తలేక చెమటలు కక్కిన పెళ్లికొడుకును మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. నా పెళ్లి ఆగిపోయేంత పని చేసినవి నా కండలే. కండలంటే పెద్దగా ఊహించుకోకండి.

ఇబ్రహీంపట్నంలో ప్లాట్లు అమ్మే ఆఫీసు కుర్చీలో పెరిగిన ఒళ్లు నాది. పెళ్లికి రెండు రోజుల ముందు ఫొటోగ్రాఫర్ నా చేతులు చూసి, "నిండు చేతుల అంగీ ఏస్కో అన్నా, మంచిగుంటది" అన్నాడు. మనసు చివుక్కుమంది. నేరుగా మా పెదనాయన కొడుకు నర్సన్న నడిపే జిమ్ముకు వెళ్లాను.

"కండ ఎట్ల పెరుగుతదన్నా?"

"బరువు లేపితే కండల పోగులు సన్నగ చిట్లుతయిరా. మంచిగ తిని పండుకుంటే ఒళ్లే వాటిని అతుకుతది. అతికిన పోగు ఇంకింత లావైతది. గని దానికి నెలలు పడ్తది."

ఆ చివరి మాట నా చెవికెక్కలేదు. ఎంత చిట్లితే అంత పెరుగుతుందన్నమాట! నర్సన్న ఫోను మాట్లాడటానికి బయటికి వెళ్లగానే డంబెల్స్ అందుకున్నాను. ఆయన వచ్చి గుంజుకునేదాకా వదల్లేదు.

మర్నాడు చేతులు ఉబ్బి కనిపించాయి. "వచ్చినయ్!" అని అద్దం ముందు మురిసిపోయాను. ఆ మురిపెం దువ్వెన అందుకోబోయేదాకే. మోచేతులు చాపుదామంటే సాగవు, భుజాలు లేపుదామంటే లేవవు. పక్షవాతమే అనుకున్నాను. ప్రాణం గిలగిల్లాడింది.

"అన్నా, నా చేతులు పడిపోయినయ్! దవాఖానకు తీస్కపో!" అన్నాను ఫోన్లో.

"ఏం గాదురా. చిట్లిన పోగులు నొస్తున్నయ్ అంతే. నాలుగొద్దులల్ల తగ్గుతది. మూత్రం నల్లగొస్తే మాత్రం కిడ్నీలకు దెబ్బ, అప్పుడు చెప్పు, ఉరుకుదం."

"రేపే గదన్నా పెండ్లి!"

ఇక ఆ రోజంతా బాత్రూముకు పోవాలంటే భయం, పోకుండా ఉండాలంటే భయం. అదృష్టం, రంగు మాత్రం మారలేదు.

"చేతులు గట్ల ముడుసుకున్నవేందిరా?" అన్నాడు బాపు.

"భక్తి బాపూ."

మండపంలో జీలకర్ర బెల్లం చేతిలో పెట్టి, పెళ్లికూతురి నెత్తిన ఉంచమన్నారు. చెయ్యి నాభి దాటి లేవలేదు. ఆడపెళ్లివారి కళ్లన్నీ ఆ చేతి మీదే. జబ్బు దాచి పెళ్లి చేస్తున్నారని లేచిపోతారేమో! మంజుల అంటే నాకు నిజంగా ప్రాణం. ఆమె దక్కదేమోనన్న భయంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

తెర అవతల నుంచి ఆమె గుసగుసగా అడిగింది. "చేతులేమైనయ్?"

"జిమ్ముకు పోయిన."

"ఎప్పుడు?"

"మొన్న."

తెర గజగజ ఊగింది. నవ్వుతోంది! "కానిస్టేబుల్ పరీక్షకని షాట్‌పుట్ ఇసిరిన మొదటిసారి నాగ్గూడ గిట్లనే అయింది" అంటూ నా చేతికి అందేదాకా తల వంచింది. పుస్తె కట్టేటప్పుడూ అంతే. "పిల్లకు ఎంత వినయం!" అని పెద్దలందరూ పొంగిపోయారు.

అందుకే పాఠకులారా, అగ్నిసాక్షిగా మీ ముందు ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పెళ్లికి ముందు డంబెల్ ముట్టను గాక ముట్టను.

ఈ మాట రాస్తుండగా, డ్యూటీ దిగి వచ్చిన నా కానిస్టేబుల్ భార్య భుజం మీదుగా చదివింది.

"ఇకమీదట అంటే? ఇంకో పెండ్లి గూడ ఉన్నదా నీకు?"

ఆ రోజు ఎంత బతిమాలినా లేవని నా చేతులు, రెండూ ఒక్కసారే పైకి లేచాయి.