పలుగురాళ్ళ చేను

మునిశామప్పతో కాపురమంటే గంపతో కాపురమేనని యశోదమ్మకు పెళ్ళయిన నెలలోనే తెలిసొచ్చింది. కెంచార్లహళ్ళి పక్కన వాళ్ళకున్నది ఒక్క ఎకరా ఎర్రచేను. అందులో మట్టి ఎంతో తెల్లటి పలుగురాళ్ళూ అంతే. దున్నిన ప్రతిసారీ పైకి తేలేవి. వాటిని చూస్తే మునిశామప్పకు ఒళ్ళు మండేది. ముప్పై రెండేళ్ళుగా మొగుడు ఏరడం, పెళ్ళాం మోయడం. గట్టు మీద కుప్ప మనిషి ఎత్తు దాటింది. యశోదమ్మ నడుము మాత్రం ఏటికేడు వంగుతూ వచ్చింది.

పక్క చేను గోపాలప్పది. అతను జన్మలో ఒక్క రాయి ఎత్తి ఎరగడు. "దాని పాటికి అది పడుండాది. కూడు పెట్టమంటాందా?" అనేవాడు. సోమరిపోతని మునిశామప్ప ఊరంతా వినేలా తిట్టేవాడు.

మునిశామప్ప చెల్లెలి కూతురు స్మిత చింతామణిలో కాలేజీ పిల్లలకు భూగర్భశాస్త్రం చెబుతుంది. పోయినేడు వచ్చినప్పుడు చేని పక్కనున్న బండను చూపించి నచ్చజెప్పబోయింది.

"మామా, ఈ మట్టంతా ఒకప్పుడు ఇట్లాంటి బండే. దీంట్లో గులాబీ రంగుగా ఉండాదే, అది పుచ్చి బంకమన్ను అయితాది. మెరిసే కాకిబంగారమూ పుచ్చుతాది. పలుగొకటే పుచ్చదు. నువ్వెంత ఏరినా అడుగు నుంచి వస్తానే ఉంటాది."

"రానీలేమ్మా. నేనూ ఏరతానే ఉంటా."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు! పుచ్చనిది పలుగొకటే కాదని యశోదమ్మ లోలోపలే విసుక్కుంది.

ఈ ఏడు రాగి మొలిచాక వాన మొహం చాటేసింది. ఇరవై రోజులకు మునిశామప్ప నున్నటి చేనిలో పైరు ముడుచుకుపోయింది. గోపాలప్ప రాళ్ళచేనిలో మాత్రం పచ్చగా నిలబడింది. ఏడాది పొడుగునా ఇంటిల్లిపాది తినే సంగటి ఆ ఎకరా మీదే. యశోదమ్మకు దిగులు పట్టుకుంది. మునిశామప్పకు అనుమానం పట్టుకుంది. గోపాలప్ప దొంగచాటుగా నీళ్ళు కడుతున్నాడని తీర్మానించి కొట్లాటకు బయల్దేరాడు. యశోదమ్మ తల పట్టుకుని వెనకే పరుగెత్తింది.

"యాడివప్పా నీళ్ళు? నాకు బోరే లేదు. కావల్లంటే ఎతుక్కో," అన్నాడు గోపాలప్ప.

మునిశామప్ప చేనంతా కలయదిరిగాడు. పైపు కనబడలేదు. ఉక్రోషం కొద్దీ ఒక రాయిని కాలితో తన్నాడు. అది దొర్లిన చోట మట్టి నల్లగా ఉంది. యశోదమ్మ వంగి తాకింది. చెమ్మ. ఇంకో రాయి ఎత్తి చూసింది. దాని కిందా చెమ్మే. ఎండ తగలకుండా ఆ రాళ్ళే నేలను కాచుకుంటున్నాయి. మొగుడి చెయ్యి పట్టుకుని ఆ మట్టికి ఆనించింది. ఇన్నేళ్ళూ మోసి పారేసింది వీటినేనా అని ఆమెకు కోపం వచ్చింది.

మర్నాటి సాయంత్రం చిన్న జల్లు పడింది. నేల బెత్తెడు తడిసింది, అంతే. పొద్దెక్కితే ఆ తడి ఆవిరైపోతుంది. దాన్ని నిలుపుకుంటేనే మళ్ళీ వాన పడేదాకా పైరు బతుకుతుంది. తెల్లవారేసరికి మునిశామప్ప కుప్ప దగ్గర గంపతో నిలబడ్డాడు.

"ఏమే, పట్టు."

"తీసేకీ నేనే, మళ్ళా ఏసేకీ నేనేనా? నా నడుం ఎవురు తెచ్చిస్తారు?" అని యశోదమ్మ గట్టు మీద చతికిలబడింది.

అతను ఒక్కడే మోశాడు. అయిదో గంపను సగం దారిలోనే దించేశాడు. ఎండ చురుక్కుమంటోంది. యశోదమ్మ వాడిన పైరు వైపు చూసింది. పాపం, అదేం చేసింది? తిట్టుకుంటూనే లేచి గంప ఎత్తుకుంది.

మొదటి సాలులో నాలుగు రాళ్ళు పరిచిందో లేదో, "అట్ల కాదే! చిన్నవి చూసి ఎయ్యి. నీకేం తెలుసు?" అని అరిచాడు.

యశోదమ్మ గంపను అతని కాళ్ళ ముందు బోర్లించింది. "నాకేం తెల్దా? ముప్పై రెండేండ్లు నువ్వెత్తమన్నదల్లా ఎత్తినా. రాయి కింద చెమ్మ చూసింది ఎవురు?"

మునిశామప్ప పొద్దు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. కూర్చుని ఆ రాళ్ళన్నీ తానే గంపకెత్తాడు. గంపను ఆమె చంకకు అందించాడు.

"నీ ఇష్టం. యాడ కావల్లంటే ఆడ ఏయ్."

ఆ మాట అతని నోట వినడం ఆమెకు అదే మొదలు. కళ్ళు చెమర్చితే కొంగుతో తుడుచుకుంది.

"నువ్వు ఆ పక్క సాలు పట్టు," అంది.

అతను ఆ పక్క సాలుకు వెళ్ళాడు.