మా నేస్తం చేతి అన్నం

మా నేస్తం పోయి నెల కావస్తోంది. విశాఖలో ఆసుపత్రి మంచం మీదే కన్నుమూసింది. బయట బల్ల మీద కూర్చున్న నన్ను నర్సు పిలిచి, "మీరు ఆవిడకి ఏమవుతారు?" అని అడిగింది. "నేస్తాన్ని" అన్నాను. "సొంతవాళ్ళెవరూ రాలేదా?" అంది. అప్పుడు చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను.

మా ఉద్దానంలో ఇద్దరు ఆడపిల్లలకు మనసు కలిస్తే నేస్తం కడతారు. అమ్మవారి పండగ నాడు ఒకరి చేత ఒకరికి బొట్టు పెట్టించి, కొత్త బట్టలు మార్పించి, అరటిపళ్ళు పంచుతారు. ఆనాటి నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు. నాకిప్పటికీ ఆమె పేరు నోట రాదు, కలంలోనూ రాదు. మాకు నేస్తం కట్టింది మా అమ్మలు. అప్పటికింకా పరికిణీల వయసు.

ఆమెను జీడితోటలున్న ఇంటికి ఇచ్చారు. నేను పూండి దగ్గర బడిపంతులమ్మనై, పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా తప్పించుకుంటూ వచ్చాను. ఎందుకో నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

ఆమె మొగుడు జీడిపూతకు కొట్టగా మిగిలిన పురుగుమందును ఖాళీ సారా సీసాలో పోసి చూరులో దోపేవాడు. ఒక సాయంత్రం తోట నుంచి వచ్చి, సారా అనుకుని ఆ సీసానే ఎత్తి తాగాడు. అన్నం తిని పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. "కోడలే అన్నంలో కలిపినాది" అని ఆమె చిన్నత్త, అంటే అత్తగారి చెల్లెలు, కోర్టులో చెప్పింది. కింది కోర్టు శిక్ష వేసింది. ఆమె ఏ పాపమూ ఎరగదని పైకోర్టు తేల్చేసరికి ఆరేళ్ళు జైలుపాలయ్యాయి.

తీసుకురావడానికి నేనొక్కదాన్నే వెళ్ళాను. తుఫానుకు ఉద్దానం నేలమట్టమైన మరుసటి ఏడు అది. పడిపోయిన కొబ్బరితోటలను రైలు కిటికీలోంచి చూసి, "నానొచ్చీసరికి ఊరు కూడా నాలాగే అయిపోనాదేటి" అంది.

నాతో మా ఇంట్లోనే ఉండి అన్ని పనులూ చేసేది గానీ పొయ్యి జోలికి వచ్చేది కాదు. "నా సేతి కూడు ఎవులు తింతారు, నేస్తం?" అనేది. "నాను తింతాను" అన్నాను. చివరికి వండింది. వడ్డించి, నా కంచంలోంచి ఒక ముద్ద తీసి నా ఎదుటే మింగి, కాసేపు ఆగి, "ఇప్పుడు తిను" అంది. నాకు ఒళ్ళు మండింది.

"నన్ను కూడా ఆ కోర్టోళ్ళలో కలిపీసినావా?"

"నీ కోసం కాదు. నా దైర్నం కోసం" అంది. పూటపూటా అదే వరస.

జీడిగింజల కాలంలో ఒక మధ్యాహ్నం పచ్చి జీడిపప్పు కూర చేసింది. సరదాపడి గింజలు నేను ఒలిచాను. పంతులమ్మ చేతులను జీడిసొన ఊరికే వదులుతుందా, వేళ్ళు బొబ్బలెక్కాయి. ఆమే కలిపి తినిపించింది. రెండు ముద్దలయ్యాక ఆమె చేయి గాల్లో ఆగిపోయింది. "నాను ముందు తిన్లేదు" అంది. "సూసినాను" అన్నాను. కుమిలి కుమిలి ఏడ్చింది. ఆ ఎంగిలి చేత్తోనే నా మొహం దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకుంది. ఎన్ని ఏళ్ళుగా దానికోసం ఎదురుచూశానో. అప్పటి నుంచి మాది ఒకే మంచం, ఒకే దిండు. వీధి దాన్ని నేస్తరికం అనుకుంది, మేము కాదనలేదు. ఇప్పుడు చెబుతున్నాను, అది ప్రేమ. ఆలుమగల మధ్య ఉండేదే.

వీధి ఆమెను పలకరించేది, నాట్లకు పిలిచేది, ఆమె చేతిది మాత్రం తినేది కాదు. పండక్కి బూరెలు పంపితే మరునాడు గేదెల కుడితిలో తేలేవి. "పోన్లే, గేదైనా నమ్మినాది" అని నవ్వేది. ఆ పూట మాత్రం కంచం ముందు కూర్చునేది కాదు.

తర్వాత మా ఊళ్ళను తినేస్తున్న కిడ్నీ జబ్బు ఆమెనూ పట్టుకుంది. పాసింజరు రైల్లో విశాఖ తిరగడమే బతుకైపోయింది. ఉప్పు మానెయ్యమన్నారు. అయినా ఈ వేసవిలో గోడకు ఆనుకుని కూర్చుని జాడీ నిండా ఆవకాయ పెట్టింది.

"నువ్వు నాలిక్కి కూడా తగిలించకూడదు. ఎవులికే ఇంత?" అన్నాను.

"ఎవులైనా అడుగుతారేమో" అంది.

కర్మ భోజనాలు మా ఇంట్లోనే పెట్టాను. కోర్టులో చెప్పిన ఆ చిన్నత్త కూడా కర్ర పోటేసుకుంటూ వచ్చి పంక్తిలో కూర్చుంది. దాచి పెట్టడం ఇష్టంలేక, ఆవకాయ వడ్డించే ముందు, "ఇది మా నేస్తం సేత్తో పెట్టింది" అని గట్టిగా చెప్పాను. ఇద్దరు ముగ్గురు విస్తరిని చేత్తో కప్పుకున్నారు. ముసలామె తలెత్తలేదు.

"ఎయ్యమ్మా" అంది.

కలుపుకుంది, తింది. మళ్ళీ వెయ్యమంది. పక్కావిడ అడిగింది, ఆ పక్కావిడ అడిగింది. బతికుండగా ఒక్కరు, ఒక్కసారి అడిగి ఉంటే ఏం పోయేదని అరవాలనిపించింది. అరవకుండా వడ్డించాను. పంక్తి లేచేసరికి జాడీ ఖాళీ. ఆమె చేతిది నాకంటూ ఒక్క ముక్క కూడా మిగల్లేదు.