మాస్కు లేని ఫోటో

ఎండలో ఎవరైనా మాస్కుతో కనిపిస్తే నాకు అమెరికాలో, సన్నీవేల్‌లోని మా పక్కింటి ఆంటీ గుర్తొస్తుంది. వాళ్ళ దేశంలో ప్రభుత్వాన్ని తప్పుపడితే జైలే. అలా జైలుపాలైనవాళ్ళ కోసం ఒక ఆదివారం కొందరు పార్కులో ప్లకార్డులతో నిలబడ్డారు. ఎవరూ గుర్తుపట్టకుండా అందరికీ మాస్కులే. ఆంటీతో అమ్మా నేనూ వెళ్ళాం.

వారం తిరక్కుండానే ఆంటీ మా వంటింట్లో కూర్చుని, టీ ముట్టకుండా చెప్పింది.

"అక్కడ మా దేశంలో పోలీసులు మా అమ్మ ఇంటికెళ్ళి, పార్కులో నా ఫోటో చూపించారట."

మా ప్రిన్సిపాల్‌కి నా పేరే తెలీదు. సముద్రం అవతలివాళ్ళు మాస్కులో ఉన్న ఆంటీని పోల్చేశారా!

"వాళ్ళకి మ్యాజిక్ వచ్చా అమ్మా?"

"మ్యాజిక్ లేదు, ఏం లేదు. మనతో నిలబడ్డవాళ్ళలోనే ఎవరో ఫోటో తీసి సెండ్ చేసుంటారు."

నేను నమ్మలేదు. వాళ్ళు చూస్తుంటారని కొన్నాళ్ళు ఎవరూ చెప్పకుండానే రెండుపూటలా పళ్ళు తోమాను.

తర్వాతిసారి పార్కుకి ఆంటీ మాస్కు లేకుండా వచ్చింది.

"మర్చిపోయారా ఆంటీ?"

"లేదు. అమ్మ నన్ను చూసి ఏళ్ళయింది. పోలీసులు ఆవిడ ఫోన్ కూడా లాగేసుకున్నారు. ఆ ఫోటోలో కళ్ళు తప్ప ఏం కనపడలేదని కబురు పంపింది. మళ్ళీ తీసుకెళ్ళి చూపిస్తారుగా, ఈసారైనా సరిగ్గా చూడనీ."

ఎవరు ఫోటో తీస్తున్నారో తెలీక, ఆంటీ జుట్టు సరిచేసుకుని అన్నివైపులకీ తిరిగి నవ్వింది.

అంత దూరం చూడగలిగేది ఆ పోలీసులొక్కరే అనుకున్నాను, అప్పటిదాకా.